గోడ మీది వెంట్రుక

మా షెడ్డులో గడియారం కింద ఒక మేకు ఉండేది. ఆ మేకుకు అరచేయంత తెరచాప ముక్క ఒకటి వేలాడుతూ ఉండేది. ముక్క మీద ఎర్ర పెన్నుతో గీసిన సున్నా. సున్నా మధ్యలో, రెండు ఫిల్ము పొరల నడుమ, కదలకుండా మెదలకుండా మా బుల్లిదాని తల వెంట్రుక ఒకటి. టైము చూసుకుందామని తలెత్తిన ప్రతి ఒక్కరికీ ముందు అదే కనబడేది. టైము ఆ తరవాతే.

అది అక్కడికి ఎలా చేరిందో చెప్పాలంటే ముందు మా పని సంగతి చెప్పాలి.

తెరచాప అనగానే అందరూ గుడ్డ అనుకుంటారు. మా అత్తయ్య కూడా అంతే. నాకు పని దొరికిందని చెబితే, కుట్టుపనేగా, పోనీలే, నీడపట్టున కూర్చుని చేసుకోవచ్చు అంది. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. తీరా చూస్తే పందెం పడవల తెరచాపలో గుడ్డన్నదే లేదు. కింద ఒక పల్చటి ఫిల్ము, పైన ఒక పల్చటి ఫిల్ము, నడుమ నల్లటి కార్బన్ దారాలు. పొరలు గాలిని ఆపుతాయి, దారాలు బరువు మోస్తాయి. గాలి కొట్టినప్పుడు తెరచాప మూడు మూలల నుంచీ లాగుతుంది. ఆ లాగుడు ఏ దారిన పోతుందో కంప్యూటరులో ముందే లెక్క కట్టి, సరిగ్గా ఆ దారి వెంటే దారాలు పరుస్తారు. మూల దగ్గర గుంపుగా మొదలై, నడిమికి వచ్చేసరికి విచ్చుకుని, మళ్లీ ఇంకో మూలకు చేరి గుంపవుతాయి. చూడటానికి శ్రద్ధగా దువ్విన జుట్టులా ఉంటుంది. ఆ పోలిక నాకు మొదటిరోజే తట్టింది. ఎందుకు తట్టిందా అని తరవాత నన్ను నేనే తిట్టుకున్నాను.

పెద్ద తెరచాప అయితే ఒకేసారి చెయ్యలేం. పలకలు పలకలుగా చేసి, అంచులను వంపుగా కోసి అతుకుతాం. ఆ వంపువల్లే తెరచాపకు పొట్ట వస్తుంది. ఒక్కో పలక చేసే బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి పాతిక అడుగులు. బల్ల నిండా సూది మొనంత చిల్లులు. కింద మోటారు గాలి లాగేస్తుంటే పరచిన ఫిల్ము ముడత లేకుండా బల్లకు కరుచుకుపోతుంది. బల్లకు రెండు వైపులా పట్టాలు, పట్టాల మీద యంత్రం. యంత్రం తలలో పన్నెండు పింగాణీ ఉంగరాలు, వాటిని మేం కళ్లు అంటాం. ఒక్కో కంట్లోంచి ఒక్కో దారం జిగురు పూసుకుని వచ్చి ఫిల్ము మీద తన దారిలో తను పడుకుంటుంది.

ఆ తరవాత నా పని. బల్లకు అడ్డంగా చక్రాల వంతెన ఒకటి ఉంటుంది. దాని మీద బోర్లా పడుకుని, తల బయటికి పెట్టి, టార్చిలైటు పక్కవాటుగా పట్టుకుని, దారాల మీద పడ్డ పీచు, దుమ్ము ఏరాలి. రెండు వేళ్లకు టేపు తిరగేసి చుట్టుకుని మెత్తగా అద్దితే వచ్చేస్తుంది. దారం కదలకూడదు. మోచేయి ఆనకూడదు. తుమ్ము వస్తే మింగాలి. అంతా అయ్యాక పైపొర పరచి, అంచులన్నీ జిగురుపట్టీతో మూసి, లోపలి గాలంతా తోడేసి, హీటరు నడుపుతారు. ఒకసారి వేడి తగిలిందంటే లోపల ఏది ఉంటే అది ఉన్నట్టే. తీయడమంటూ లేదు. చిన్న పీచు ఉన్నా అక్కడ పొరలు కలవవు. సముద్రం మీద తెరచాప రోజుకు కొన్ని వేలసార్లు కొట్టుకుంటుంది, ఆ కలవనిచోటే విడిపోవడం మొదలుపెడుతుంది.

ఈ పనికి నన్ను తీసుకున్నది మా మేస్త్రి. అరవై దాటిన మనిషి, మోకాళ్లకు ఎప్పుడూ తోలు ప్యాడ్లు, మాట చాలా పొదుపు. నేను నింపి ఇచ్చిన కాగితంలో చదువు దగ్గర ఎనిమిది అని వేశాను. అది కూడా పూర్తి ఎనిమిది కాదు. చెల్లెళ్లను చూసుకునే మనిషి లేక సగంలో మానేశాను. ఆయన ఆ గడి వైపు చూడనేలేదు. నల్లటి ఫిల్ము ఒకటి పరిచి, దాని మీద తెల్ల పీచు చల్లి, ఏరమన్నాడు. నేను ఏరి, టేపు మీద వరసగా అంటించి ఇచ్చాను. పద్నాలుగు. తను వేసినవి పదకొండే అన్నాడు మేస్త్రి. మిగతా మూడూ వేలితో చూపించి, ఇవి మీ స్వెట్టరువండీ అన్నాను. ఆయన తన స్వెట్టరు వంక ఒకసారి చూసుకుని, రేపట్నుంచి రమ్మన్నాడు.

మూడు నెలలు 'చూద్దాం' కాలం, పని నచ్చితేనే ఆ తరవాత ఉంచుకుంటారు. షెడ్డు గుమ్మం దగ్గర చెప్పులు విప్పే గదిలో ఒక్కొక్కరికీ ఒక కొక్కెం, దాని మీద టేపు ముక్క, ముక్క మీద వాళ్లను అందరూ పిలిచే పేరు. చూద్దాం వాళ్లకు కొక్కెం ఉండదు. బయట వేసుకొచ్చిన కోటు మడిచి బెంచీ కింద పెట్టుకోవాలి. నాకు ఆ కొక్కెం కావాలి. వేరే పని దొరకదని కాదు. అంతకుముందు ఆఫీసుల్లో నేల తుడిచాను, లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టాను. ఆ పనుల్లో నేను ఒకరోజు రాకపోతే మర్నాడు ఇంకొకరు వచ్చేవారు, ఎవరికీ తేడా తెలిసేది కాదు. ఇక్కడ నా కంటితో పని. పైగా నాకున్న రోగం ఇక్కడ అక్కరకొచ్చింది. నాది భయం రోగం. తలుపు తాళం వేసి మూడుసార్లు లాగి చూసుకుంటాను. గ్యాసు కట్టేసి మళ్లీ వెనక్కి వెళ్లి చూసి వస్తాను. బుల్లిది పుట్టాక ఇది మరీ ముదిరింది. దానికి మూడేళ్లు నిండాయి, ఇప్పటికీ నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మా ఆయన చూసి, పిల్ల ఊపిరి పీల్చడం నేర్చేసుకుందిలే, ఇక పరీక్ష పెట్టకు అంటాడు.

అంత జాగ్రత్త మనిషినే పదకొండోరోజు తప్పు చేశాను.

ఆవేళ పొద్దున బుల్లిది నన్ను వదల్లేదు. మెడ పట్టుకుని, గొంతులో మొహం దాచుకుని ఒకటే ఏడుపు. అత్తయ్య లాక్కుని ఎత్తుకుంటే పరిగెత్తుకుంటూ వచ్చాను. షెడ్డులో ఇచ్చే కోటు వేసుకున్నాను, టోపీ పెట్టుకున్నాను, అన్నీ సక్రమంగానే చేశాను. చేతి మణికట్టు దగ్గర కోటు ఎలాస్టిక్కులో ఒక వెంట్రుక చిక్కుకుని ఉన్నట్టుంది, అది మాత్రం చూసుకోలేదు. మర్నాడు పలకను లైటు మీద పరిచి చూస్తుంటే మేస్త్రి చేయి ఒకచోట ఆగింది. పడవ ముందు భాగాన కట్టే చిన్న తెరచాప అది, పలక సరిగ్గా నడిమధ్య. అందరూ వచ్చి మూగారు.

యంత్రం నడిపే ఆయనను అందరూ రైలన్న అంటారు, పట్టాల మీద పని కాబట్టి. మనిషి మంచివాడే గాని నోరు ఊరుకోదు. ఇంత మెత్తటి జుట్టు మన షెడ్డులో ఎవరికుందబ్బా, ఉన్నవాళ్లకు ఉన్నదంతా చీపురేగా అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ వెంట్రుక కొస దగ్గర చిన్న వంపు ఉంది. రోజూ పొద్దున్నే దువ్వెనలో నేను చూసే వంపు అది.

మా పాపది అన్నాను.

మేస్త్రి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎర్ర పెన్నుతో సున్నా గీసి, అరచేయంత ముక్క కోసి, గడియారం కింద మేకుకు తగిలించి వెళ్లిపోయాడు. పలక పలకంతా చెత్తబుట్టకు పోయింది. ఆ రోజు నుంచి నా పేరు వెంట్రుక. వెంట్రుకా, టీ తాగుదువు రా. వెంట్రుకా, ఆ కత్తెర ఇలా అందుకో. వినగా వినగా అలవాటైపోయింది గాని, ప్రతిసారీ ఎక్కడో చిన్నగా చురుక్కుమనేది.

అప్పట్నుంచి ఇంటి దగ్గర కొత్త తంతు మొదలైంది. నేను గుమ్మం దాటబోయే ముందు మా ఆయన పెద్ద టేపు చుట్ట పట్టుకుని నా వీపూ మెడా చేతులూ అద్దుతాడు. బుల్లిదానికి అది ఆట. నేను కూడా అంటూ నా మోకాళ్ల దగ్గర చిన్న టేపు ముక్కతో అద్దేది. అత్తయ్య చూసి చూసి, మేం ఉద్యోగాలకు వెళ్లేటప్పుడు ఇంత సేవ ఎవరూ చెయ్యలేదమ్మా అనేది.

షెడ్డులో ఇంకో అలవాటు మొదలుపెట్టాను. పీచు ఏరిన టేపులు పారేయడం మానేశాను. బుల్లిది గీతలు గీసి వదిలేసిన నోటుబుక్కు ఒకటి తెచ్చుకుని, ఒక్కో పలకకు ఒక్కో పేజీ పెట్టి, ఏ తెరచాప, ఎన్నో పలక, బల్లలో ఏ వైపు, ఎన్ని గంటలకు ఏరాను అన్నీ రాసి, ఆ టేపులు అంటించేదాన్ని. ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అన్న భయంతోనే. రైలన్న ఒకసారి తొంగిచూసి, చెత్తకు కూడా ఆల్బమా అన్నాడు.

మూడో నెల చివర్లో పెద్ద పని వచ్చింది. నడి సముద్రంలో రోజుల తరబడి సాగే పందేనికి వెళ్లే పడవ, దాని పెద్ద తెరచాప. ఏడు పలకలు. తొమ్మిది మంది ఎక్కే పడవ అని, ఒడ్డు కనబడని చోట తెరచాప చిరిగితే వాళ్ల అవస్థ దేవుడికే తెలియాలని గుంటక్క చెప్పింది. గుంటక్క మా షెడ్డులో మూలలు కుట్టే మనిషి. తెరచాప నేల మీద పరిస్తే కుట్టుమిషనుకు ఎత్తు సరిపోదు, అందుకని నేలలో గుంట తవ్వి, మిషనూ మనిషీ అందులో కూర్చునేలా చేశారు. దూరం నుంచి చూస్తే నేల మీద తలకాయ ఒక్కటే ఉన్నట్టుంటుంది. ఇరవై రెండేళ్లుగా ఆ గుంటలోనే ఉన్నానని, లోకాన్ని జనం మోకాళ్ల ఎత్తునుంచే చూశానని చెప్పుకునేది. షెడ్డులో నన్ను అమ్మాయ్ అని పిలిచేది ఆవిడ ఒక్కతే.

మొదటి పలక ఏ గొడవా లేకుండా అయిపోయింది. రెండో పలక చివరి మూడోవంతు ఏరుతుంటే టేపుకు నల్లటి సన్నటి గీత ఒకటి వచ్చింది. కనురెప్ప వెంట్రుకంత ఉంటుందేమో. కొంచెం పక్కన ఇంకొకటి. ఇంకాస్త పోయాక మూడోది.  మళ్లీ నాదేనా, బుల్లిదానిదా అని మెడ తడుముకున్నాను, మణికట్లు చూసుకున్నాను. ఏమీ లేదు. రైలన్నను పిలుద్దామని తలెత్తాను. ఎదురుగా గడియారం, దాని కింద మేకు, మేకుకు ఎర్ర సున్నా. నోరు మూసుకుని, మూడింటినీ టేపుతో తీసి నోటుబుక్కులో అంటించాను. తీసేశాను కదా, ఇంకేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను. పైపొర పడింది, హీటరు నడిచింది.

మర్నాడు మూడో పలక. యంత్రం మూడు విడతలుగా దారాలు పరుస్తుంది. విడతకూ విడతకూ మధ్య నేను వంతెన ఎక్కి ఏరాలి. జిగురు పూసిన దారానికి మూడు గంటలే గడువు, ఈలోగా పైపొర పడకపోతే జిగురు చచ్చిపోతుంది, పలక దండగ. మొదటి విడతలో రెండు నల్ల గీతలు వచ్చాయి. రెండో విడతలో అయిదు. అప్పుడు టార్చిలైటు ఇంకా కిందికి వంచి చూశాను. ఆ అయిదూ ఎక్కడబడితే అక్కడ లేవు. పాతిక అడుగుల బల్ల మీద అయిదూ ఒకే దారం పక్కన, దాని వెంబడే ఉన్నాయి. వెంట్రుకలు అలా రాలవు. నేను తల్లిని, వెంట్రుకలు ఎలా రాలతాయో నాకు తెలుసు. దిండు మీద, భుజం మీద, నేల మీద, వాటి ఇష్టం వచ్చినట్టు రాలతాయి. లైను కట్టి రాలవు.

 వంతెన మీద అలాగే పడుకుని రైలన్నతో మూడో విడత మొదలుపెట్టొద్దని చెప్పాను.

"మళ్లీ వెంట్రుకేనా?" అన్నాడు.

"కాదనుకుంటా అన్నా."

"అనుకుంటావా, తెలుసా?"

తెలుసని అనలేకపోయాను. రైలన్న గడియారం చూశాడు. ఆ కింద ఉన్నది కూడా చూశాడు. పడవ వాళ్లు రెండు వారాల్లో వస్తారని, పలకలు ఆరడానికే అయిదు రోజులు కావాలని, ఇప్పుడు పాప జుట్టు కథ పెట్టుకుంటే కుదరదని అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే మేస్త్రి నడిచి వస్తున్నాడు. వచ్చి, బల్ల మీదికి వంగి, నా టేపు చూశాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుని చూశాడు. ఆయన కంటికి అది గీత, అంతే.

"ఆపితే ఈ పలక పోయినట్టే. ఏమీ లేదని తేలితే ఏం చెప్పమంటావు?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నా చూద్దాం కాలానికి ఇంకా ఆరు రోజులు ఉంది. ఇలాంటప్పుడు మనిషికి ఏం తడుతుందో మనం చెప్పలేం. నాకు మాత్రం పొద్దున కిటికీ దగ్గర బుల్లిదానికి జడ వేయడం గుర్తొచ్చింది. నీడలో నల్లగా ఉండే దాని జుట్టు, ఎండ వెనకనుంచి పడితే నల్లగా ఉండదు.

"మేస్త్రిగారూ, గోడ మీద ఉన్న ఆ ముక్క ఒకసారి దించుతారా" అన్నాను.

ఎవరూ కదల్లేదు. గుంటలోంచి గుంటక్క తలకాయ ఒక్కటే ఇటు తిరిగింది. ఆ అమ్మాయికి చూసే పని చెప్పి, చూసింది చెబితే వద్దంటే ఎలాగయ్యా, దించండి అంది. మేస్త్రే వెళ్లి దించాడు.

నేను వంతెన దిగాను. టార్చిలైటును బల్ల చివర నిలబెట్టి, ముక్కను దాని ముందు పట్టుకున్నాను. ఎర్ర సున్నా మధ్యలో బుల్లిదాని వెంట్రుక తేనెరంగులో వెలిగింది. అంతమంది ముందు, అంత భయంలోనూ, ఎంత బాగుంది అనిపించింది నాకు. ఇంకో చేత్తో టేపు పట్టుకున్నాను. అయిదు గీతలూ నల్లగా, సిరాతో గీసినట్టు అలాగే ఉన్నాయి. ఎంత లైటు పెట్టినా వాటిలో రంగు లేదు. వెంట్రుకకు కొసలో వంపుంది, ఇవి పుల్లల్లా బిగుసుకుని ఉన్నాయి.

"ఇవి వెంట్రుకలు కావు. దారమే తెగి రాలుతోంది" అన్నాను. ఈసారి అనుకుంటా అనలేదు.

రైలన్న చేతిలో పని వదిలేశాడు. గబగబా యంత్రం తల దగ్గరికి వెళ్లి, పుల్లకు దూది చుట్టి, ఒక్కో కంట్లోనూ తిప్పడం మొదలుపెట్టాడు. పొద్దున్నే చెయ్యాల్సిన పని అది. కంటికి ఎక్కడైనా పెచ్చు ఊడితే దూది పట్టుకుంటుంది. తొందరలో రెండు రోజులుగా చెయ్యలేదు. మొదటి కన్ను, రెండు, మూడు. దూది నున్నగా వచ్చింది. ఏడో కంట్లో చిక్కుకుంది. లాగితే పోగులు పోగులుగా ఊడి ఉంగరానికే ఉండిపోయింది. నువ్వుగింజలో సగం కూడా ఉండదు ఆ పెచ్చు. ఆ అంచే లోపలికి వచ్చే దారాన్ని బల్ల పొడుగూతా గీరుతూ పోయింది. మేస్త్రి ఆ దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి జార్చి చూశాడు. వేళ్లకు నల్లటి నూగు అంటింది.

అక్కడితో ఊరుకుని ఉంటే నాకు అంతా మంచే జరిగేది. అందరి మొహాల్లోనూ అది కనబడుతోంది. రైలన్న నా వైపు చూసే చూపు కూడా మారింది. మూడో పలక పారేసి మళ్లీ చేస్తారు, నాకు కొక్కెం వస్తుంది. రెండో పలక సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. పైపొర వేసి, వేడి తగిలించి, ఆరబెట్టిన పలక అది. లోపల పీచేమీ లేదు, నేనే తీశాను. కాని పీచు తీసేస్తే దారం లావెక్కదు కదా. ఎక్కడ గీరుకుపోయిందో అక్కడ సన్నగానే ఉంటుంది. ఒడ్డు కనబడనిచోట తొమ్మిది మంది.

 చెప్పేశాను. "నిన్న రెండో పలకలోనూ మూడు వచ్చాయి. నేనే చెప్పలేదు."

 బెంచీ కింద నుంచి నోటుబుక్కు తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టాను. బుల్లిది గీసిన ఏనుగులు, గీతలు, వాటి మధ్య నా టేపులు. మొదటి పలక పేజీలో దుమ్ము ఉంది, ఊలు ఉంది, నల్ల గీత లేదు. రెండో పలక పేజీలో మొదటి రెండు వంతులూ శుభ్రం, చివరి వంతులో మూడు నల్లవి. మూడో పలక పేజీలో రెండు, నా చేతి టేపు మీద ఇంకో అయిదు. ఆయన పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పాడు. పెచ్చు ఎప్పుడు ఊడిందో గంటతో సహా అక్కడే ఉంది. ఆ నోటుబుక్కు లేకపోతే మూడు పలకలూ అనుమానమే, మూడూ పారేయాల్సి వచ్చేదని రైలన్న మెల్లగా అన్నాడు. అది నన్ను వెనకేసుకురావడానికి అన్నాడని నాకు తరవాత అర్థమైంది.

మేస్త్రి నోటుబుక్కు మూశాడు. "నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"మళ్లీ వెంట్రుక అంటారని" అన్నాను.

ఆయన తలెత్తాడు. గడియారం వైపు చూశాడు. కింద మేకు ఖాళీగా ఉంది. తరవాత నా చేతిలో ఉన్న ముక్క వైపు చూశాడు.

"అందరూ జాగ్రత్తగా ఉంటారని పెట్టానది. నోరు మూసుకుంటారని కాదు" అన్నాడు. ఆగి, "అక్కడ పెట్టింది నేను. అది నా తప్పు" అన్నాడు.

మేస్త్రి తప్పు అనే మాట తన గురించి వాడటం ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి అని గుంటక్క తరవాత చెప్పింది. అది కూడా గుంటలోంచే విన్నాను కాబట్టి సరిపోయింది, పైన నిలబడి ఉంటే పడిపోయేదాన్ని అంది.

ముక్కను నాకే ఇచ్చేయబోయాడు, ఇంటికి తీసుకుపొమ్మని. నిజానికి తీసుకుందామనే అనుకున్నాను. కాని చేతిలో పట్టుకుని మళ్లీ ఒకసారి లైటుకు పెట్టి చూస్తే మనసు ఒప్పలేదు. ఇక్కడే ఉండనివ్వండి, గోడ మీద కాదు, వంతెన మీద ఉండనివ్వండి అన్నాను. నల్ల గీత ఏది దొరికినా దీని పక్కన పెట్టి చూడొచ్చు. వెలిగితే వెంట్రుక, వెలగకపోతే దారం. మేస్త్రి అప్పటికప్పుడు ముక్కకు అంచున చిల్లు పొడిచి, తాడు కట్టి, వంతెన పట్టీకి వేలాడదీశాడు. ఇప్పుడు ఎవరు వంతెన ఎక్కినా అది వాళ్ల చేతికి అందేలా ఉంటుంది. కొత్తగా ఏరే పనికి వచ్చినవాళ్లకు మేస్త్రి మొదట చూపించేది అదే. ఎవరి వెంట్రుకో కూడా చెబుతాడు.

రెండు పలకలూ పారేశాం. కొత్త కన్ను బిగించి మళ్లీ చేశాం. రైలన్న ఇప్పుడు పొద్దున్నే కాదు, దారం ఉండ మార్చిన ప్రతిసారీ దూది పుల్ల తిప్పుతాడు. తిప్పి నాకు చూపిస్తాడు. నాకెందుకన్నా అంటే, ఆల్బములో అంటించుకుంటావేమోనని అంటాడు. పెచ్చు ఊడిన ఏడో కన్నును ఆ తరవాత ఒకరోజు కడిగి నాకే ఇచ్చాడు. అది ఇప్పుడు మా ఇంట్లో కిటికీ కర్టెన్ తాడుకు ఉంది. పలకలు ఆరాయి, అంచులు కోశాం, అతికాం. గుంటక్క మూలలు కుట్టింది. ఏడు పలకలూ కలిసి నేల మీద పరుచుకున్నాక చూస్తే, ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్క దారం కూడా దారి తప్పకుండా, ఏడు పలకలూ ఒక్కసారే దువ్వినట్టు ఉంది. అది నా కళ్లకు మాత్రమే అలా కనబడిందేమో అనుకున్నాను. మేస్త్రి మోకాళ్ల మీద ఆ చివరిదాకా వెళ్లి, మోకాళ్ల మీదే తిరిగి వచ్చి, బాగుంది అన్నాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మాట లేదు.

పడవ వాళ్లకు రెండు రోజులు ఆలస్యమైంది. ఎందుకో మేస్త్రే చెప్పాడు, దాచకుండా. వాళ్లలో పెద్దాయన ఆ పెచ్చు ఊడిన కంటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, దీన్ని పట్టుకున్నది ఎవరు అని అడిగాడట. ఆ సమయానికి నేను వెనక గదిలో ఇంటికి ఫోన్ చేసి బుల్లిది భోంచేసిందా అని కనుక్కుంటున్నాను.

నా చూద్దాం కాలం పలకలు ఆరుతుండగానే అయిపోయింది, ఆ రోజు మేస్త్రి దాని ఊసెత్తలేదు. సాయంత్రం దాకా ఎదురుచూశాను. ఏమో, మనసు మార్చుకున్నాడేమో అనుకున్నాను. చెప్పులు వేసుకోవడానికి గదిలోకి వెళ్లి బెంచీ కింద చూస్తే నా కోటు లేదు.  అప్పుడు తలెత్తి చూశాను. గుంటక్క కొక్కేనికీ రైలన్న కొక్కేనికీ మధ్య ఇంకో కొక్కెం. కొత్తది, మేకు ఇంకా మెరుస్తోంది. దానికి నా కోటు. పైన టేపు ముక్క మీద మేస్త్రి చేతిరాతతో, అక్షరం అక్షరం విడివిడిగా రాసి ఉంది: వెంట్రుక. ఈసారి చురుక్కుమనలేదు. మూడుసార్లు చదువుకున్నాను. అది నా అలవాటేగా.

ఆదివారం పడవ కొత్త తెరచాప ఎత్తి చూసుకుంటారని, రావాలనుకున్నవాళ్లు రావచ్చని చెప్పారు. మా ఆయనా అత్తయ్యా బుల్లిదీ అందరం వెళ్లాం. ఒడ్డున గాలి బాగా ఉంది. బుల్లిది నీళ్లలో పడుతుందేమోనని దాని చొక్కా వెనకనుంచి గట్టిగా పట్టుకున్నాను. స్తంభం వెంట తెరచాప మెల్లగా పైకి లేచింది. మొదట ముడతలు ముడతలుగా ఊగింది, తరవాత ఒక్కసారి గాలి నింపుకుని, చప్పుడు లేకుండా నిలబడింది. మేం కోసిన వంపులన్నీ కలిసి పొట్ట వచ్చింది. ఎండ వెనకనుంచి పడుతోంది. పొరలు వెలుగుతున్నాయి, దారాలు మాత్రం నల్లగా, ఎన్ని ఉన్నాయో అన్నీ, మూల నుంచి మూలకు బిగిసి ఉన్నాయి. కింది నుంచి లెక్కపెట్టి రెండో పలక, మూడో పలక చూశాను. ఏడో దారం ఏదో అక్కడ్నుంచి ఎవరికీ తెలియదు. నాకూ తెలియలేదు. తెలియకపోవడమే కావలసింది.

అత్తయ్య నోరు తెరుచుకుని చూసి, ఇందులో కుట్టు ఎక్కడుందే అంది. మా ఆయన పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషితో, అది మా ఆవిడ చేసింది అని చెబుతున్నాడు. నేనొక్కదాన్నే చెయ్యలేదని చెప్పబోయి, చెప్పనివ్వు పాపం అని ఊరుకున్నాను.

బుల్లిదానికి ముందే చెప్పి ఉంచాను, నీ వెంట్రుక అమ్మ పనిలో పడిందని. అది కళ్లు చికిలించుకుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వెతికింది.

"అమ్మా, నా వెంట్రుక ఏదీ?"

"అందులో లేదు తల్లీ" అన్నాను. "లేకుండా చూసింది మీ అమ్మే."

దానికి అది నచ్చలేదు. మూతి ముడుచుకుని, ఇంకోసారి వెతుకుతానని నా భుజం ఎక్కింది. పడవ తాడు విప్పుకుని, ఒడ్డు వదిలి, ఒక పక్కకు వాలి వేగం అందుకుంది. మేం చూస్తూనే ఉన్నాం.